పాయ నీటిలో కోపిపాడ్లు: వల దగ్గర్నుంచి లెక్క దాకా ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి నమోదు: ఏం కొలుస్తున్నాం, ఎక్కడ

ఒక చివర సముద్రం, మరో చివర మంచినీటి వాగు, మధ్యలో ఇరుకైన సముద్రపు పాయ. ఈ పాయ పొడవునా జంతుప్లవకాల్లో (నీటితో కొట్టుకుపోయే చిన్న జంతువుల్లో) ఏయే కోపిపాడ్లు (రొయ్యలకు దూరపు చుట్టాలైన బుల్లి జీవాలు) ఉన్నాయి, ఉప్పదనం తగ్గేకొద్దీ ఒకదాని చోటులోకి ఇంకొకటి ఎలా వస్తుంది అన్నది తేల్చడమే పని. జాతుల పేర్లు పట్టడం ఇందులో ఒక భాగం మాత్రమే. వల రంధ్రం ఎంత, లాగిన వేళ నీరు పోటు మీద ఉందా పాటు మీద ఉందా అన్నవి తెలియకపోతే ఎంత చక్కగా గుర్తించిన జాబితా అయినా పాయ గురించి ఏమీ చెప్పదు. అందుకే ఈ డైరీలో వలకూ నీటికీ ఎక్కువ చోటు పోతుంది.

స్టేషన్లను గట్టు గుర్తులతో కాకుండా ఉప్పదనంతో పెట్టుకున్నాం. నీటిని ఉప్పదనాన్ని బట్టి విడదీసే 1958 నాటి వెనిస్ పద్ధతి హద్దులే తీసుకున్నాం (వెయ్యి పాళ్ల నీటిలో ఎన్ని పాళ్ల ఉప్పు అన్న లెక్కన): 30 పైన, 18 నుంచి 30, 5 నుంచి 18, 5 కన్నా తక్కువ. కోపిపాడ్ నీటితోపాటే కదులుతుంది. జీపీఎస్‌లో ఒకే చోట పడవ నిలిపితే పోటు వేళ సముద్రపు జాతులు, పాటు వేళ పాయ పైభాగపు జాతులు వలలో పడతాయి. ఆ తేడాను రుతువుల మార్పు అని రాసేసే ప్రమాదం ఉంది. పడవ మీద రిఫ్రాక్టోమీటరుతో (ఉప్పదనం చూపే చేతి పరికరం) పైనీటినీ అడుగునీటినీ చూసి, కావలసిన ఉప్పదనం దొరికిన చోట వల దించి, అప్పుడు జీపీఎస్ రాసుకోవాలి.

వేళ విషయంలో ఒక్కటే నియమం: పోటు నిండి నిలిచిన సమయానికి గంట అటూ ఇటూ. పాటు అడుగున పైభాగంలో లోతు చాలదు, వల బురదను గీరుతుంది. ఒకే పడవతో నాలుగు స్టేషన్లూ ఆ వ్యవధిలో కుదరవనిపిస్తుంది గానీ, పోటు ముందు పాయ నోటి దగ్గర నిండి, ఆ తర్వాతే లోపలికి పాకుతుంది. నోటి దగ్గర మొదలుపెట్టి పోటుతోపాటే లోపలికి వెళితే సమయం కలిసొస్తుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వచ్చే పెద్ద పోటునాడు తీసిన శాంపిల్‌ను, అష్టమి తర్వాతి చిన్న పోటునాటి శాంపిల్ పక్కన పెట్టి పోల్చకూడదు. ప్రతి విడతా ఒకే రకం పోటు మీదే.

రెండో నమోదు: వల

జంతుప్లవకాల పనిలో అందరూ ముందు తలచేది డబ్ల్యూపీ2 వల. 1968లో యునెస్కో నివేదికలో వచ్చిన నమూనా అది: నోరు 57 సెం.మీ., అంటే 0.25 చదరపు మీటర్లు, రంధ్రం 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బయటి సముద్రానికి అది బాగానే సరిపోతుంది. పాయకు చాలదు. పాయల్లో సంఖ్యను మోసేది అర మిల్లీమీటరు పొడవుండే ఓయిథోనాలు, పారాకలానస్ పిల్లదశలు, రెండూ కోపిపాడ్లే. జీవి వెడల్పులో నాలుగింట మూడు వంతులు మించని రంధ్రం ఉంటేనే అది నమ్మకంగా వలలో నిలుస్తుంది. 150 మైక్రాన్ల వెడల్పు ఉన్న ఓయిథోనాకు 110 మైక్రాన్లు దాటిన రంధ్రం పనికిరాదు. పైగా 200 మైక్రాన్ల చదరపు రంధ్రం మూల నుంచి మూలకు 283 మైక్రాన్లు ఉంటుంది, సన్నటి జీవి ఆ మూలలోంచే జారుతుంది.

అందుకని ఒకే చట్రానికి రెండు వలలు కట్టాం, ఒకటి 100 మైక్రాన్లు, ఇంకోటి 200 మైక్రాన్లు, రెండిటి నోరూ 30 సెం.మీ. చట్రం మధ్యలో తాడు, కింద బరువు. రెండు వలలూ ఒకే నీటిలో ఒకేసారి పోతాయి గనక వాటి తేడా రంధ్రం వల్ల వచ్చిందే. 200 మైక్రాన్ల వల పాత పట్టికలతో పోల్చుకోడానికి, 100 మైక్రాన్ల వల నిజానికి దగ్గరగా వెళ్లడానికి.

100 మైక్రాన్ల బట్ట త్వరగా మూసుకుపోతుంది. దానికి మందు వడపోత విస్తీర్ణం. తెరిచి ఉన్న రంధ్రాల మొత్తం విస్తీర్ణం నోటి విస్తీర్ణానికి కనీసం 6 రెట్లు ఉండాలి, పచ్చగా చిక్కబడిన నీటికి అంతకన్నా ఎక్కువ. 30 సెం.మీ. నోరంటే 0.0707 చ.మీ. బట్టలో రంధ్రాల వాటా 40% అనుకుంటే (అమ్మేవాళ్ల వివరాల కాగితంలో ఈ శాతం ఉంటుంది, బట్టను బట్టి మారుతుంది) 1.06 చ.మీ. బట్ట పడుతుంది. ఉత్త శంకువుగా కుడితే 8 సెం.మీ. బకెట్ (వల చివర జీవాలు పోగయ్యే డబ్బా) దాకా దాదాపు 1.8 మీటర్ల పొడవు వస్తుంది, చిన్న పడవ మీద అది చిక్కుముడి వ్యవహారం. ముందు 80 సెం.మీ. గొట్టం, దాని వెనక ఏటవాలుగా 65 సెం.మీ. శంకువు కుడితే బట్ట 1.14 చ.మీ. అవుతుంది, నిష్పత్తి 6.5 దగ్గర నిలుస్తుంది, పొడవు మీటరున్నర లోపే. గొట్టం గోడకు నీరు సమాంతరంగా జారుతుంది గనక మురికి అక్కడ అంటుకోదు, వెనక్కి కొట్టుకుపోతుంది.

కుట్టు లోపలివైపు మడత మిగిలితే అందులో జీవాలు ఇరుక్కుని తర్వాతి స్టేషన్ శాంపిల్‌లో బయటపడతాయి. మడతలు బయటికి తిప్పి, లోపలి కుట్టు మీద సన్నటి నైలాన్ పట్టీ వేయాలి. బకెట్ కిటికీకి అదే వల బట్ట వాడాలి, ముతక బట్ట వేస్తే ముందు పడ్డ శ్రమంతా అక్కడే జారిపోతుంది. నోటి రింగును కొలవకుండా నమ్మొద్దు: 30 అనుకున్నది 29 సెం.మీ. ఉంటే నీటి ఘనపరిమాణంలో దాదాపు 7% తప్పు ప్రతి లెక్కలోనూ కూర్చుంటుంది.

మూడో నమోదు: ఫ్లోమీటరు

వల ఎన్ని మీటర్లు లాగామన్నది జీపీఎస్ నుంచి తీసుకుంటే నీటి ప్రవాహం లెక్కలోకి రాదు. ప్రతి వల నోట్లో ఒక ఫ్లోమీటరు (నీరు ఎంత దూరం సాగిందో రెక్క తిరుగుడుతో కొలిచేది), నట్టనడుమ కాకుండా నడిమికీ అంచుకీ మధ్య. మూడోది వల బయట, చట్రం మీద. లోపలి అంకెను బయటి అంకెతో భాగిస్తే వడపోత సామర్థ్యం తెలుస్తుంది. అది 0.85 కన్నా కిందికి పడితే లాగే సమయం తగ్గించాలి.

జనరల్ ఓషనిక్స్ 2030ఆర్ రకం మీటరుకు సూత్రం ఇది: దూరం (మీ.) = మీటరు అంకెల తేడా × 26,873 ÷ 9,99,999. ఒక నిమిషంలో తేడా 1,500 వస్తే దూరం 40.3 మీ., దాన్ని 0.0707తో గుణిస్తే 2.85 ఘనపు మీటర్లు. ఈ స్థిరాంకాన్ని కళ్లు మూసుకుని వాడకూడదు. వల విప్పేసి ఉత్త రింగును మీటరుతో కలిపి, నిలకడ నీటిలో కొలిచిన దూరం అటోసారి ఇటోసారి లాగి సగటు చూడాలి. బేరింగులో ఉప్పు గడ్డకడితే అంకె నెమ్మదిగా తగ్గుతూ పోతుంది, అంటే నీరు తక్కువ, జీవాల సాంద్రత ఎక్కువ అని లెక్క తేలుతుంది. ప్రతి విడత తర్వాతా మంచినీళ్లతో కడగడం ఇందుకే. సాధారణ రోటరు (మీటరు రెక్క) సెకనుకు 10 సెం.మీ. కన్నా నెమ్మది నీటిలో నమ్మదగినది కాదు. లంగరు వేసిన పడవ నుంచి పోటు వేగంతోనే వల నింపాలనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పడవ మీద ఉండగా గాలికి రోటరు తిరుగుతుంది, అంకె రాసుకునేది వల నీళ్లలోకి దిగబోయే క్షణంలోనే.

నాలుగో నమోదు: లాగడం

వేగం సెకనుకు 0.7 మీటరు దగ్గర. 1 మీటరు దాటితే మెత్తటి జీవాలు రంధ్రాల్లోంచి నలిగి బయటికి పోతాయి, వల ముందు నీరు తోసుకుని చురుకైన పెద్ద కోపిపాడ్లు తప్పుకుంటాయి. మరీ నెమ్మదైనా అంతే, అకార్షియా అనే కోపిపాడ్ వల కదలికను పసిగట్టి దూకేస్తుంది. పచ్చటి నీటిలో ఒక నిమిషం, తేటనీటిలో రెండు నిమిషాలు. వల పైకి వచ్చేసరికి బట్ట జిగటగా మెరిసి, నీరు కారకుండా నిలబడి ఉంటే ఆ లాగుడు పారబోసి, సమయం సగానికి తగ్గించి మళ్లీ లాగాలి.

పైన తక్కువ ఉప్పు నీరు, కింద ఎక్కువ ఉప్పు నీరు పొరలుగా ఉన్న చోట వాలుగా లాగితే రెండు సమూహాలు ఒకే జాడీలో కలిసిపోతాయి. పైపొరలో 1 మీటరు దగ్గర ఒకటి, కింది పొరలో ఒకటి, విడివిడిగా అడ్డంగా లాగుతున్నాం. లోతు తాడు కోణంతో తేలుతుంది: 10 మీటర్ల తాడు నిట్టనిలువుకు 60 డిగ్రీలు వాలితే వల ఉన్నది 5 మీటర్ల లోతులో. అడుగుకు మీటరు ఎడం వదలాలి. శాంపిల్‌లో బురదలో బతికే హార్పాక్టికాయిడ్ కోపిపాడ్లు, ఇసుక రేణువులు ఒక్కసారిగా పెరిగితే వల అడుగు గీరినట్టే, ఆ జాడీ లెక్కలోకి రాదు.

పైకి తీశాక వలను బయటివైపు నుంచి కడగాలి. అప్పుడు వడకట్టని నీరు నోట్లోంచి చేరదు. కోంబ్ జెల్లీలు, చిన్న జెల్లీఫిష్‌లు పడితే ఫార్మలిన్ వేయకముందే చెంచాతో తీసి, అంటుకున్న జీవాలను బకెట్‌లోకి కడిగి, జెల్లీల ఘనపరిమాణం కొలిచి రాసి వదిలేయాలి. ఫార్మలిన్‌లో అవి కరిగి, మిగతా వాటిని జిగురుముద్దలో కప్పేస్తాయి. స్టేషన్ మారేముందు బకెట్ విప్పి, వలను ఒకసారి నీళ్లలో ఈడ్చి ఖాళీ చేయాలి.

ఐదో నమోదు: నిలవ

అర లీటరు జాడీలో 450 మి.లీ. శాంపిల్ మీద 50 మి.లీ. ఫార్మలిన్. కొట్టులో దొరికే ఫార్మలిన్ 37 నుంచి 40% ఫార్మాల్డిహైడ్ గనక జాడీలో అది సుమారు 4% అవుతుంది. ఫార్మలిన్ ఊరికే ఉంచితే పులుస్తుంది. పులిసినదాంట్లో గవ్వల, ఆల్చిప్పల పిల్లదశల సున్నపు పెంకులు కరిగిపోతాయి. బోరాక్స్ వేసి, అడుగున కరగకుండా కొంచెం మిగిలేదాకా ఉంచి, పైనున్న తేటను వాడాలి. జీవాల ముద్ద జాడీలో పదో వంతు మించితే మందు చాలదు, రెండు జాడీలకు పంచాలి. చీటీ పెన్సిల్‌తో రాసి లోపల వేయాలి. బయటి సిరా ఫార్మలిన్‌కో ఆల్కహాల్‌కో చెరిగి తీరుతుంది.

డీఎన్‌ఏ కోసం పక్క వాటాను 95% ఇథనాల్‌లో పెట్టి, మర్నాడు పాత ద్రవం వంపి కొత్తది పోస్తున్నాం. లేకపోతే జీవాల్లోని నీరు ఇథనాల్‌ను పలచబరుస్తుంది. ఓయిథోనా గుడ్ల సంచులు ఫార్మలిన్ తగలగానే ఊడిపోతాయి. ముందు కొంచెం సోడా నీళ్లు పోసి మత్తెక్కించి, ఆ తర్వాత ఫార్మలిన్ వేస్తే చాలామట్టుకు నిలుస్తాయి.

ఆరో నమోదు: వాటాలు పంచడం, లెక్కపెట్టడం

గుర్తింపు పుస్తకాల మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ దశ మీద పెడితే పట్టికలు బాగుపడతాయి. ముందు మొత్తం శాంపిల్‌ను తెల్లటి ట్రేలో పోసి లాబిడోసెరా లాంటి పెద్ద, అరుదైన వాటిని, బాణప్పురుగులను ఏరి లెక్కపెట్టాలి. వీటిని ఉపశాంపిల్‌కు (లెక్కకోసం మొత్తంలోంచి తీసే నలభయ్యో వంతుకు) వదిలేస్తే ఉంటే నలభై, లేకపోతే సున్నా అన్నట్టు తేలుతుంది.

మిగిలినదాన్ని వలకన్నా సన్నటి జల్లెడలో కడిగి ఫార్మలిన్ పోగొట్టి, 200 మి.లీ.కి చేర్చి, 5 మి.లీ. స్టెంపెల్ పిపెట్‌తో (ఒకే కొలత ద్రవాన్ని తీసే వెడల్పు గొట్టం) తీస్తున్నాం. కలపడం ఎనిమిది అంకె ఆకారంలో, అడుగు నుంచి పైకి. గుండ్రంగా తిప్పితే బరువైనవి మధ్యలో పోగవుతాయి, పిపెట్ దించేది సరిగ్గా అక్కడే. గాలి బుడగ పట్టిన కోపిపాడ్లు ఉపరితలం మీద తేలుతూ ఉంటాయి, ఒక్క చుక్క డిష్‌వాష్ ద్రవం వాటిని ముంచేస్తుంది.

కలపడం కుదిరిందో లేదో లెక్కే చెబుతుంది. ఒకే జాడీ నుంచి ఐదు ఉపశాంపిళ్లు తీసి ఒకే రకాన్ని లెక్కపెట్టండి. ఉదాహరణకు 42, 51, 47, 39, 46 వస్తే సగటు 45, వ్యత్యాసం (వేరియన్స్, అంటే అంకెల చెదురుకు కొలత) 21.5. వ్యత్యాసాన్ని సగటుతో భాగిస్తే 0.5 లోపు, కలపడం బాగుంది. అదే 20, 71, 33, 64, 37 వస్తే సగటు 45 గానే ఉంటుంది, నిష్పత్తి మాత్రం 10 దాటుతుంది. ఈ చెదురు యాదృచ్ఛికమేనా అని చూసే కై స్క్వేర్ విలువ 41.6, నాలుగు డిగ్రీల స్వేచ్ఛకు హద్దు 9.49. సగటు ఒక్కటే చూసేవాళ్లకు ఈ రెండు జాడీలూ ఒకేలా కనబడతాయి. నిష్పత్తి 1 దగ్గరున్నంత కాలం ఒక్క ఉపశాంపిల్ చాలు.

ఎంతవరకూ లెక్కపెట్టాలి? లెక్క వర్గమూలానికి రెండింతలే దాని పొరపాటుకు కొలత. ఒక రకం 25 దొరికితే ఆ సంఖ్య 40% అటూ ఇటూ, 100 దొరికితే 20%, 400 దొరికితే 10%. ముఖ్యమైన ప్రతి రకానికీ 100 దాకా వెళుతున్నాం. అంతకుమించి కూర్చోవడం కన్నా ఇంకోసారి వల లాగడం మేలు, ఎందుకంటే లాగుడుకూ లాగుడుకూ మధ్య తేడా ఉపశాంపిళ్ల తేడాకన్నా దాదాపు ఎప్పుడూ పెద్దదే. కోపిపాడ్లు నీటిలో గుంపులుగా ఉంటాయి మరి.

200 మైక్రాన్ల వాటాకు బొగొరోవ్ ట్రే (కాలువలున్న లెక్కింపు పళ్లెం), స్టీరియో మైక్రోస్కోపు. 100 మైక్రాన్ల వాటాకు 1 మి.లీ. పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ లెక్కింపు గది, కాంపౌండ్ మైక్రోస్కోపు. ఒండ్రు ఎక్కువున్న శాంపిల్‌కు ముందురోజు రోజ్ బెంగాల్ అనే రంగు చుక్క వేస్తే జీవాలు గులాబీ రంగులో విడిగా కనిపిస్తాయి. లోపల కండరం లేని ఖాళీ తొడుగులు, చచ్చి కుళ్లుతున్న కళేబరాలు వేరే గడిలో రాయాలి. పాయ పైభాగంలో మంచినీళ్లు ఒక్కసారి దిగినప్పుడు ఇవి పెరుగుతాయి, వాటిని బతికున్నవాటిలో కలిపితే ఉప్పదనం ప్రభావం కనబడకుండా పోతుంది.

ఏడో నమోదు: గుర్తింపు

మొదటి చూపులో మూడు గుంపులు. మీసాలు శరీరమంత పొడవుండి, వెనక భాగం సన్నగా, ఆ రెండు భాగాలూ వంగే కీలు ఐదో కాళ్ల ఖండం వెనక ఉంటే కలనాయిడ్. కీలు ఆ ఖండానికి ముందే ఉండి, మీసాలు పొట్టిగా ఉంటే సైక్లోపాయిడ్ లేదా హార్పాక్టికాయిడ్. వీటిలో ముందు భాగం గుండ్రంగా, వెనక భాగం ఒక్కసారిగా సన్నబడితే సైక్లోపాయిడ్. ముందు నుంచి వెనక్కి తేడా తెలియకుండా సన్నబడితే, మీసాలు మరీ కురచైతే హార్పాక్టికాయిడ్.

తర్వాత ప్రజాతులు. అకార్షియా సన్నటి శరీరం, తోక వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి, ఆడది గుడ్లను నీటిలోకే వదులుతుంది, సంచి మోయదు. టెమోరాకు ముందు భాగం వెడల్పు, తోక కొమ్మలు బాగా పొడుగు. సెంట్రొపేజెస్‌కు ముందు భాగం వెనక మూలల్లో ముళ్లు. సూడోడయాప్టోమస్ ఆడది గుడ్ల సంచితో కనబడుతుంది. యూటర్పినా ముక్కు ముందుకు సూదిగా పొడుచుకు వస్తుంది. మైక్రోసెటెల్లా తోక వెంట్రుకలు రెండూ దాదాపు శరీరమంత పొడుగు. కోరికేయస్ తలమీద రెండు పెద్ద కటకాలు చూస్తే ఇక సందేహం ఉండదు.

జాతి తేల్చేది చాలావరకు ఐదో జత కాళ్లు. గ్లిజరిన్ చుక్కలో పెద్దదాన్ని పక్కకి తిప్పి, సన్నటి టంగ్‌స్టన్ సూదులతో వెనక భాగాన్ని విడదీసి, ఐదో ఖండాన్ని ఒక్కటే లాగి గాజు మీద పరిచి చూడాలి. సూది మొన మొద్దయితే కాళ్లు నలుగుతాయి. మగదాన్ని మీసం చెబుతుంది: అకార్షియా, సెంట్రొపేజెస్, సూడోడయాప్టోమస్‌లలో కుడి మీసం ఒక్కటే మోకాలులా వంగుతుంది, ఓయిథోనాలో రెండూ వంగుతాయి.

ఓయిథోనా విషయంలో తొందర పనికిరాదు. నల్ల సముద్రంలో 2001లో కనబడిన కొత్త చిన్న ఓయిథోనాను ఓయిథోనా బ్రెవికోర్నిస్‌గా రాశారు, 2012లో గానీ అది ఓయిథోనా డేవిసే అనే వేరే జాతి అని తేలలేదు. ఒక్క ముక్కు ఆకారం చూసి పేరు పెట్టకుండా నోటి భాగాల, ఈత కాళ్ల ముళ్ల వరస చూడాలి. అది కుదరని రోజున పట్టికలో ‘ఓయిథోనా, జాతి తేలలేదు’ అని రాయడమే మంచిది. పారాకలానస్ కుటుంబపు పిల్లదశలకూ ఇదే మాట.

పిల్లదశలను వదిలేయొద్దు. గుడ్డులోంచి వచ్చాక ఆరు నాప్లియస్ దశలు, ఆ తర్వాత పెద్దదాని రూపు దిద్దుకునే ఐదు కోపిపోడైట్ దశలు దాటాకే పెద్దది. కలనాయిడ్ మొదటి కోపిపోడైట్‌కు రెండు జతల ఈత కాళ్లు, మూడోది మొగ్గ. రెండో దశకు మూడు జతలు, మూడో దశకు నాలుగు. నాలుగో దశలో వెనక భాగానికి 3 ఖండాలు, ఐదో దశలో 4. ఒక విడతలో పెద్దవి మాత్రమే ఉండి చిన్న కోపిపోడైట్లు లేకపోతే రెండే కారణాలు: సముద్రం నుంచి కొట్టుకొచ్చిన గుంపు, లేదా వల రంధ్రం. 100 మైక్రాన్ల జాడీ చూస్తే ఏదో తేలిపోతుంది.

ఎనిమిదో నమోదు: లెక్క కట్టడం

సాంద్రత = ఉపశాంపిల్‌లో సంఖ్య × (మొత్తం మి.లీ. ÷ తీసిన మి.లీ.) ÷ వడకట్టిన ఘనపు మీటర్లు. 5 మి.లీ.లో 130 ఓయిథోనాలుంటే 130 × 40 = 5,200. పైన చెప్పిన 2.85తో భాగిస్తే ఘనపు మీటరుకు సుమారు 1,825.

రెండు వలల్ని పోల్చేముందు అకార్షియా పెద్దవాటిని చూడాలి. ఇవి మిల్లీమీటరు పొడవు, రెండు వలల్లోనూ నిలుస్తాయి, కాబట్టి ఘనపు మీటరుకు సంఖ్య రెంటిలోనూ దగ్గరగా రావాలి. 100 మైక్రాన్ల వలలో గణనీయంగా తక్కువ వచ్చిందంటే అది మూసుకుపోయి నీటిని పక్కకు తోసింది, ఆ లాగుడులో చిన్నవాటి లెక్క కూడా నమ్మలేం. విడిగా ఏ పరికరమూ అవసరం లేని పరీక్ష ఇది, ప్రతి జాడీకీ చేస్తున్నాం.

సమూహాల పోలికకు సంఖ్యల నాలుగో మూలం తీసి, బ్రే కర్టిస్ దూరాలు (రెండు శాంపిళ్లు ఎంత వేరో చెప్పే కొలత) కట్టి, ఒకేలా ఉన్న శాంపిళ్లు దగ్గరగా పడే ఎన్‌ఎండీఎస్ పటం వేస్తున్నాం. స్ట్రెస్ (పటం ఆ దూరాల్ని ఎంత వంకరగా చూపిందన్న అంకె) 0.2 దాటితే ఆ పటాన్ని నమ్మం. మూలం తీయకుండా వేస్తే పటమంతా ఒక్క ఓయిథోనా చుట్టూ తిరుగుతుంది. రెండు వలల శాంపిళ్లనూ ఒకే పటంలో పెడితే స్టేషన్లకు బదులు వలలు విడిపోతాయి, అందుకే వేరువేరుగా. షానన్ సూచీ (వైవిధ్యానికి కొలత) విషయంలో ఒక హెచ్చరిక: ఒక విడతలో జాతి వరకూ, మరో విడతలో ప్రజాతి వరకూ గుర్తిస్తే సూచీ మారేది పాయ వల్ల కాదు. ఒకే పోటులో ఒకే స్టేషన్‌లో లాగిన మూడు లాగుళ్లు ఆ చోటి గుంపుల చెదురును చెబుతాయి, వాటిని మూడు స్వతంత్ర నమూనాలుగా రుతువుల పరీక్షలో వాడకూడదు.

మిగిలినవి

పగటి శాంపిళ్లలో సూడోడయాప్టోమస్ పలచగా ఉంది. అది పగలంతా అడుగున ఉండి చీకటి పడ్డాక పైకి లేస్తుంది గనక పాయలో తక్కువని రాయడం ఇప్పుడే కుదరదు. అవే స్టేషన్లలో, అదే రకం పోటు మీద రాత్రి లాగుళ్లు వేయాలి. నాప్లియస్‌లు 100 మైక్రాన్ల వలకు కూడా అందవు. వాటికి 10 లీటర్ల నీటి సీసాతో రెండు లోతుల్లో నీరు తీసి, 40 మైక్రాన్ల జల్లెడలో పోసి, ఆ జల్లెడను సెడ్జ్‌విక్ గదిలోకి కడుగుతాం. సీసా మూత మూసుకునేముందు కుదుపు తగిలితే అడుగు బురద లేస్తుంది, కాబట్టి అడుగు సీసా కూడా మీటరు ఎడంలోనే. పాయ పైభాగం నుంచి బురద పైపొరను కూడా తీసిపెట్టాలి. కొన్ని అకార్షియా జాతుల నిద్ర గుడ్లు అందులో ఉంటాయి, మంచినీళ్ల దెబ్బకు మాయమైన అకార్షియా మళ్లీ కనబడినప్పుడు అది సముద్రం నుంచి వచ్చిందో అడుగు నుంచి లేచిందో చెప్పాలంటే ఆ గుడ్ల లెక్క ముందే చేతిలో ఉండాలి.